వేసవి సెలవులు – విశ్వాసి ఇంట మితవ్యయం

మొదటి ఖుత్బా

సకల స్తోత్రాలూ విశ్వప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఎండనూ వాననూ, పగటినీ రాత్రినీ ఒక క్రమంలో నడిపించేవాడు ఆయనే. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతీ శుభాలూ వర్షించుగాక! అమ్మాబాద్.

ధార్మిక సోదరులారా!

ఏప్రిల్ చివరి వారంలో మూతపడిన బడులు జూన్ రెండవ వారంలో మళ్లీ తెరుచుకుంటాయి. ఈ మధ్య కాలమంతా పిల్లలు మన కళ్లెదుటే ఉంటారు. వారికి సంతోషం కావాలి. పొరుగింటివారు ఊటీ వెళ్లారని వింటారు, తమకూ వెళ్లాలని ఉంటుంది. ఎండ ముదిరేకొద్దీ ఇంట్లో కరెంటు ఖర్చు పెరుగుతుంది. పెళ్లిళ్లూ, దావతులూ ఈ రోజుల్లోనే వస్తాయి. ఈ కొన్నేళ్లుగా బక్రీదు పండుగ కూడా వేసవి చివరి భాగంలోనే వస్తున్నది. ఆ వెనువెంటనే జూన్ మాసం వస్తుంది. ఫీజులు, పుస్తకాలు, యూనిఫారాలు అన్నీ ఒక్కసారిగా తలుపు తడతాయి.

జమాఅత్ ముగిసి అందరూ వెళ్లిపోయేదాకా ఆగి, తలవంచుకుని అప్పు కోసం అడిగే తండ్రులను మేము ప్రతి జూన్ మాసంలోనూ చూస్తుంటాము. వారందరూ నిరుపేదలు కారు. వారిలో కొందరి చేతుల్లో మే నెలలో డబ్బు ఉండినది, జూన్ నాటికి లేకపోయినది. అందుచేత నేటి ఖుత్బాలో మేము ఒకే విషయం ప్రస్తావించదలిచాము. వేసవిలో కుటుంబాన్ని సంతోషపెట్టడం, చేతిలోని ధనాన్ని కాపాడుకోవడం అనే రెండింటినీ ధర్మం మన నుండి కోరుతున్నది. ఈ రెండూ ఒకే ఇంట్లో ఇమడగలవు.

సోదరులారా! ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. విశ్వాసి అంటే నవ్వు ఎరుగని మనిషి అనీ, పిల్లల సరదా తీర్చడం ప్రాపంచిక వ్యామోహమనీ కొందరు భావిస్తారు. దివ్య ఖుర్ఆన్‌లోని అల్ అఅరాఫ్ సూరా 31వ ఆయత్ తినమనీ, త్రాగమనీ అనుమతిస్తూనే హద్దు మీరవద్దని ఆదేశిస్తున్నది. ఆ వెంటనే 32వ ఆయత్, అల్లాహ్ తన దాసుల కొరకు సృష్టించిన శోభనూ, పరిశుద్ధమైన ఆహారాన్నీ నిషేధించిందెవరని ప్రశ్నిస్తున్నది. ఒక ఆయత్ హద్దు గీసింది. తరువాతి ఆయత్ ఆ హద్దులోపలి ఆనందాన్ని మనకు భద్రపరిచింది.

మహాప్రవక్త (స) జీవితం చూడండి. ఆయన తమ సతీమణి హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెం వేశారని అబూదావూద్‌లో ఉన్నది. మొదటిసారి ఆమె గెలిచారు, కొంతకాలం తరువాత ఆయన గెలిచి, ఇది ఆనాటి దానికి బదులని పరిహాసమాడారు. ఆ వినోదానికి అయిన ఖర్చు ఏమీ లేదు. ఆయన తాజా ఖర్జూరాలతో దోసకాయ కలిపి తినడం హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ జాఫర్ (రజి) చూశారు. పుచ్చకాయను ఖర్జూరంతో కలిపి తింటూ, దీని వేడిని దాని చలువ విరుస్తుందన్న భావం ఆయన వెలిబుచ్చినట్లు మరో ఉల్లేఖనం ఉన్నది. చల్లని తియ్యని పానీయమంటే ఆయనకు ఇష్టమని తిర్మిజీలో ఉన్నది. ఎడారి ఎండలో జీవించిన మన ప్రవక్త (స) వేసవి పండునూ, వేసవి పానీయాన్నీ ఆస్వాదించారు. దొరికినదానితో ఆస్వాదించారు.

కుటుంబాన్ని మరచి రాత్రింబవళ్లు ఆరాధనలో మునిగిన హజ్రత్ అబూదర్దా (రజి)కు హజ్రత్ సల్మాన్ (రజి) ఏమని బోధించారు? ప్రభువుకు హక్కు ఉన్నట్లే నీ శరీరానికీ హక్కు ఉన్నది, నీ ఇంటివారికీ హక్కు ఉన్నదని చెప్పారు. ప్రవక్త (స) ఆ మాటను ధ్రువీకరించారని సహీహ్ బుఖారీలో ఉన్నది. కనుక సెలవుల్లో పిల్లలతో గడపడం మన దయాదాక్షిణ్యాలకు సంబంధించినది కాదు, అది వారి హక్కు.

ఇక రెండవ వైపు చూద్దాం. అల్ ఫుర్ఖాన్ సూరా 67వ ఆయత్‌లో కరుణామయుని దాసుల లక్షణాలు చెబుతూ, వారు ఖర్చు చేసేటప్పుడు దుబారాకూ పోరు, పిసినారితనానికీ పోరు, ఆ రెంటి నడుమ నిలకడగా ఉంటారని అల్లాహ్ ప్రశంసించాడు. బనీ ఇస్రాయీల్ సూరా 29వ ఆయత్ చేతిని మెడకు కట్టివేసుకోవద్దనీ, పూర్తిగా చాపివేయవద్దనీ హెచ్చరిస్తున్నది. చేతిని పూర్తిగా చాచినవాడు చివరకు నిందల పాలై, దిక్కుతోచక కూర్చుండిపోతాడని అదే ఆయత్ తెలియజేస్తున్నది. జూన్ నెలలో తలవంచుకుని నిలబడిన ఆ తండ్రి స్థితి ఇందులో కనిపించడం లేదా?

అదే సూరాలోని 27వ ఆయత్ ధనాన్ని వృథా చేసేవారిని షైతానుల సోదరులుగా పేర్కొన్నది. అక్కడ వాడిన పదం తబ్జీర్. దాని మూలం బజ్ర్, అనగా విత్తనం. విత్తనాలను వెదజల్లినట్లు ధనాన్ని ఎటుపడితే అటు చల్లడమే తబ్జీర్. అయితే మన రైతు విత్తనాన్ని ఊరకే చల్లడు. పదును చూసి, అదను చూసి, తన పొలంలోనే చల్లుతాడు. బాటపై చల్లిన విత్తనం పక్షుల పాలో, పాదాల పాలో అవుతుంది. విశ్వాసి ఖర్చుపెట్టే ప్రతి రూపాయి కూడా విత్తనమే. అది పొలంలో పడుతున్నదా, బాటమీద పడుతున్నదా అని చూసుకోవడమే పొదుపు.

పొదుపు పేరిట ఇంటివారిని బాధించేవారు కూడా ఈ మాట వినాలి. హింద్ బిన్త్ ఉత్బా (రజి) తన భర్త అబూ సుఫ్యాన్ (రజి) చేతి బిగువును గురించి ప్రవక్త (స) వద్ద విన్నవించుకున్నారు. తనకూ, పిల్లలకూ చాలినంత ఇవ్వడం లేదన్నారు. అప్పుడు ప్రవక్త (స), ధర్మబద్ధంగా నీకూ నీ పిల్లలకూ సరిపడినంత అతని ధనం నుండి తీసుకోవచ్చునని అనుమతించారు. ఇది బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉన్నది. భార్యాబిడ్డలకు పండు తేకుండా, ఫ్యాను వేయనీయకుండా డబ్బు కూడబెట్టడం పొదుపు అనిపించుకోదు. వేసవి ఎండ ప్రాణాంతకం. ఇంట్లో వృద్ధులైన తల్లిదండ్రులో, పసికందులో, రోగులో ఉంటే వారికి చల్లదనం కల్పించడం అవసరం, దానిని దుబారా అనరాదు.

సోదరులారా! అత్తకాసుర్ సూరా చివరి ఆయత్, ఆనాడు అనుగ్రహాలను గురించి మనం తప్పక ప్రశ్నించబడతామని హెచ్చరిస్తున్నది. ఒకనాడు ఆకలి బాధతో ప్రవక్త (స), హజ్రత్ అబూబక్ర్, హజ్రత్ ఉమర్ (రజి) బయటకు వచ్చి ఒక అన్సారీ సహచరుని తోటకు వెళ్లారు. ఆయన ఖర్జూరపు గెల తెచ్చి ముందుంచారు, మంచినీరు తెచ్చారు. అప్పుడు ప్రవక్త (స) చల్లని నీడ, మంచి ఖర్జూరం, చల్లని నీరు అనే వీటిని గురించి కూడా మనం ప్రశ్నించబడతామని చెప్పారు. ఆకలితో వచ్చినవారికే ఈ హెచ్చరిక అయితే, ఫ్రిజ్ తెరిచి సీసా తీసుకునే మన సంగతేమిటి? వేసవిలో నీడా, నీరూ, పండూ చిన్న విషయాలు కావు. లెక్క చెప్పవలసిన అనుగ్రహాలు అవి.

ఇప్పుడు ఇంట్లో ఆచరించదగిన విషయాలకు వద్దాము.

మొదటిది నీరు. ప్రవక్త (స) ఒక ముద్ నీటితో వుజూ, ఒక సాఅ నుండి ఐదు ముద్‌ల నీటితో గుసుల్ చేసేవారని బుఖారీ, ముస్లింలలో ఉన్నది. ముద్ ఎంత అన్న విషయంలో పండితుల లెక్కల్లో కొంత తేడా ఉన్నప్పటికీ, ఏ లెక్క చూసినా అది సుమారు ఒక లీటరును మించదు. మనం మస్జిదులో కుళాయి బారుగా తెరిచి, పక్కవారితో మాట్లాడుతూ చేసే ఒక్క వుజూకు బకెట్ నీరు పోతున్నది. బోర్లు అడుగంటి, ట్యాంకరు కోసం బిందెలు వరుసలో నిలబెట్టే ఈ రోజుల్లో వుజూ అనే ఆరాధనలోనే మనం దుబారాకు పాల్పడితే, ఆ ఆరాధన మనకు ఏమి నేర్పినట్లు?

రెండవది కరెంటు. కరెంటు చార్జీలు శ్లాబుల వారీగా ఉంటాయి. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర కూడా పెరుగుతుంది. తెలంగాణలో 2024 మార్చి నుండి గృహజ్యోతి పథకం క్రింద అర్హులైన కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు లేదు. ఆ హద్దు దాటిన నెలలో మాత్రం బిల్లు కట్టవలసి వస్తుంది. అటువంటి ఇంట్లో ఎవరూ లేని గదిలో తిరిగే ఫ్యాను కూడా లెక్కలోకి వస్తుంది. టన్నున్నర ఏసీ పూర్తి బలంతో నడిస్తే గంటకు సుమారు ఒకటిన్నర యూనిట్ కరెంటు తీసుకుంటుంది. సాధారణ కూలరు అయిదారు గంటలు నడిస్తే ఒక యూనిట్ అవుతుంది. తెలంగాణ, రాయలసీమల పొడి ఎండలకు కూలరు చక్కగా పనిచేస్తుంది. తేమ ఎక్కువగా ఉండే కోస్తా జిల్లాల్లో అంతగా పనిచేయదు. ఏసీ ఉన్నవారు దానిని 18 వద్ద పెట్టి దుప్పటి కప్పుకోవడం మాని, 24 లేదా 26 డిగ్రీల వద్ద ఉంచి ఫ్యాను వేసుకోవాలి. ఒక్కొక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని కేంద్ర ప్రభుత్వ ఇంధన సామర్థ్య సంస్థ చెబుతున్నది.

మన పెద్దలకు ఇవేవీ లేవు. ఎండ ముదరకముందే కిటికీలు మూసి, వట్టివేళ్ల తడికెలు తడిపి, చల్లపూట మళ్లీ తెరిచేవారు. మట్టికుండ సన్నని రంధ్రాల గుండా నీరు చెమర్చి ఆవిరవుతూ లోపలి నీటిని చల్లబరుస్తుంది. దానికి మీటరు తిరగదు. అయితే రాత్రివేళ పాత్రలపై మూతలు పెట్టమని ప్రవక్త (స) ఆదేశించిన సంగతి కుండ విషయంలోనూ మరువరాదు. డాబాపై పడుకునేవారు మరొకటి గుర్తుంచుకోవాలి. పిట్టగోడ లేని మేడపై నిద్రించినవారికి రక్షణ బాధ్యత తొలగిపోతుందని అబూదావూద్‌లో హదీసు ఉన్నది.

మూడవది వంటిల్లు. నిమ్మకాయ, సబ్జా గింజలు, పచ్చిమామిడి షర్బత్, మజ్జిగ, రాగి అంబలి, తాటిముంజలు మన నేలపై అల్లాహ్ ఈ కాలానికే పుట్టించిన చలువ పదార్థాలు. బయట ఒక్కరు త్రాగే కూల్‌డ్రింక్ ధరకు ఇంట్లో నలుగురి గొంతు తడుస్తుంది. ఇద్దరి భోజనం ముగ్గురికి సరిపోతుందని చెప్పిన ప్రవక్త (స) అనుచరులం మనం. ఎండకు పొద్దుటి కూర రాత్రికే పాడవుతుంది. కనుక ఈ రెండు నెలలైనా తక్కువ వండి పూర్తిగా తినే అలవాటు చేసుకుందాం. దావతుల్లో బిర్యానీ పళ్లేలను సగంలో వదలి లేచే అలవాటు మానుకుందాం.

ఇలా మిగిలేది చిల్లర డబ్బే కదా అని తేలికగా చూడకండి. రోజుకు 100 రూపాయల చొప్పున ఏప్రిల్, మే మాసాల 61 రోజులకు 6,100 రూపాయలు మిగులుతాయి. ఎన్నో ఇళ్లల్లో జూన్ నెల పుస్తకాలకూ, బట్టలకూ అది ఆసరా అవుతుంది.

అది లేనివారు ఏమి చేస్తున్నారు? నూటికి మూడు రూపాయల వడ్డీకి 30,000 తెస్తున్నారు. నెలకు 900 చొప్పున ఏడాదికి 10,800 వడ్డీ కట్టినా, అసలు 30,000 చెక్కుచెదరక అలాగే ఉంటుంది. అల్ బఖరా సూరా 279వ ఆయత్, వడ్డీని వదలనివారిపై అల్లాహ్, ఆయన ప్రవక్త తరఫున యుద్ధం ప్రకటించింది. వడ్డీ తినేవానినీ, ఇచ్చేవానినీ, వ్రాసేవానినీ, సాక్షులనూ ప్రవక్త (స) శపించారనీ, వారంతా సమానులేనన్నారనీ సహీహ్ ముస్లింలో ఉన్నది. పిల్లల చదువు కోసమని మొదలై, విహారయాత్ర వల్ల అవసరమైన ఆ అప్పు ఇంటి బరకత్‌ను హరిస్తుంది. ప్రవక్త (స) నమాజులో అప్పుల భారం నుండి శరణు వేడేవారు. అంతగా ఎందుకు వేడుతున్నారని అడిగితే, అప్పులపాలైనవాడు మాట్లాడితే అబద్ధమాడతాడు, వాగ్దానం చేస్తే తప్పుతాడని సమాధానమిచ్చారు. అనగా అప్పు మన జేబుతో ఆగదు, మన సత్యసంధతను కూడా తినివేస్తుంది.

హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) వృత్తాంతం దీనికి విరుగుడు. రాజు కన్న కలకు అర్థం చెబుతూ, పంట పండే ఏడేళ్లలో తినడానికి కావలసిన కొద్దిపాటి ధాన్యం తప్ప మిగిలినదంతా వెన్నుల్లోనే నిలువ ఉంచమన్నారు. ఆ పైన వచ్చిన ఏడేళ్ల కరువును ఆ నిలువతోనే ఎదుర్కొన్నారు. ఆయనకు అల్లాహ్‌పై నమ్మకం తక్కువై నిలువ చేయమనలేదు. ముందుచూపు కూడా తవక్కుల్‌లో భాగమే. మన కరువు మాసం జూన్. అది ఏ నెలలో వస్తుందో మనకు ముందే తెలుసు. ఆగస్టు నుండి మే వరకు పది నెలలపాటు నెలకు 3,000 చొప్పున ప్రక్కన పెట్టగలిగిన కుటుంబానికి 30,000 సమకూరుతుంది. అంత శక్తి లేనివారు 300తో మొదలుపెట్టండి. అప్పు తగ్గినంత మేరకు వడ్డీ కూడా తగ్గుతుంది.

ఈ మాటలతో ముగిస్తూ నా కొరకు, మీ కొరకు, విశ్వాసులందరి కొరకు అల్లాహ్ క్షమాభిక్షను అర్థిస్తున్నాము. మీరూ అర్థించండి. నిశ్చయంగా ఆయన క్షమాశీలుడు, కరుణామయుడు.

రెండవ ఖుత్బా

అల్‌హమ్దులిల్లాహ్. ఆయననే స్తుతిస్తున్నాము, ఆయన సహాయాన్నే అర్థిస్తున్నాము. ప్రవక్త (స)పై దరూద్ సలాములు పంపుతున్నాము.

సోదరులారా!

ఖర్చు తగ్గించమంటే పిల్లల సంతోషం తగ్గించమని అర్థం కాదు. పిల్లవాడు పెద్దవాడయ్యాక హోటలు బిల్లు గుర్తుపెట్టుకోడు. తండ్రి తనతో ఎంతసేపు ఉన్నాడన్నది గుర్తుపెట్టుకుంటాడు. ఫజ్ర్ నమాజుకు పిల్లవాణ్ణి వెంటబెట్టుకు రండి. తిరిగి వెళ్లేటప్పుడు ఎండ రాకముందు ఒక గంట అతనితో నడవండి. నానమ్మ ఇంటికీ, అమ్మమ్మ ఇంటికీ పంపండి. అది సెలవూ అవుతుంది, బంధుత్వాన్ని కలుపుకునే పుణ్యకార్యమూ అవుతుంది. అయితే ఊళ్లో చెరువులకూ, కాలువలకూ ఈత కోసం పిల్లలను ఒంటరిగా పంపకండి. ప్రతి వేసవిలో ఎన్నో తల్లుల కడుపుకోతకు అదే కారణమవుతున్నది.

దగ్గరి ఊళ్లలోనే చూడదగినవి ఎన్నో ఉన్నాయి. హైదరాబాదువారికి గోల్కొండ, మక్కా మస్జిద్ ఉన్నాయి. కడప జిల్లావారికి గండికోటలోని జామియా మస్జిద్ ఉన్నది. తెల్లవారుజామున బయలుదేరి, ఇంటి భోజనం కట్టుకుని, జుహ్ర్ వేళకు ఇల్లు చేరవచ్చు. అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం 1891లో ఆసఫియా గ్రంథాలయంగా ప్రారంభమైనది. అక్కడ ఉర్దూ, తెలుగు పుస్తకాలు కూడా ఉన్నాయి. ఇతర పట్టణాల్లోనూ ప్రభుత్వ గ్రంథాలయాలు ఉన్నాయి. మీ పిల్లలను ఒక్కసారి తీసుకువెళ్లి చూడండి. మస్జిదుల్లో జరిగే వేసవి దీనియాత్ తరగతులకు పంపండి. పగిలిన చెప్పు కుట్టడం, తన గిన్నె తాను కడుక్కోవడం నేర్పండి. మహాప్రవక్త (స) తమ చెప్పులు తామే బాగుచేసుకునేవారని, బట్టలు తామే కుట్టుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలియజేశారు.

మరొక సూచన. విశ్వాసులు తమ వ్యవహారాలను పరస్పర సంప్రదింపులతో నడుపుతారని అష్షూరా సూరా 38వ ఆయత్ ప్రశంసిస్తున్నది. ఈ రాత్రే ఇషా తరువాత ఇంటిల్లిపాదీ కలిసి కూర్చోండి. ఒక కాగితంపై జూన్ నెల ఖర్చులు, ఖుర్బానీ, సెలవుల సరదా, సదఖా అని నాలుగు గడులు గీయండి. చేతిలో ఎంత ఉన్నదో పిల్లలకు దాపరికం లేకుండా చెప్పండి. ఏ సరదా కావాలో వారినే ఎన్నుకోమనండి. తండ్రి కాదన్నప్పుడు అలిగే పిల్లలు, తాము కూర్చుని లెక్క వేసినప్పుడు అలగరు. ఈ విషయంలో మన మాతృమూర్తుల మాటకు ముందుగా విలువ ఇవ్వండి. ఇంట్లో ఏ డబ్బాలో ఏమున్నదో, ఏది ఎన్నాళ్లు వస్తుందో వారికే బాగా తెలుసు.

ఆ నాలుగవ గడిని ఖాళీగా వదలకండి. మిగిల్చిన డబ్బంతా మన ఇంట్లోనే ఉండిపోతే అది పిసినారితనం వైపు జారుతుంది. హజ్రత్ సఅద్ బిన్ ఉబాదా (రజి) మరణించిన తన తల్లి తరఫున ఏ దానం శ్రేష్ఠమని అడిగితే ప్రవక్త (స) నీరు అని చెప్పారు. దప్పికగొన్న కుక్కకు తన తోలు మేజోడుతో బావి నుండి నీరు తోడి ఇచ్చినవానిని అల్లాహ్ క్షమించాడని సహీహ్ బుఖారీలో ఉన్నది. మన తెలుగునాట వేసవిలో చలివేంద్రాలు పెట్టే మంచి సంప్రదాయం ఉన్నది. మీ వీధి మొదట్లో ఒక కుండ, ఒక గ్లాసు, పైన కాస్త నీడ ఏర్పాటు చేయండి. దారినపోయేవారు ఎవరైనా, ఏ మతంవారైనా త్రాగనివ్వండి. మిట్టమధ్యాహ్నం మీ ఇంటికి వస్తువులు తెచ్చే కుర్రవాడిని మంచినీళ్లు అడిగి పంపండి. పిట్టగోడపై పక్షులకు ఒక మూకుడు నీళ్లు పెట్టడం మీ పిల్లల పనిగా అప్పగించండి. ఆ పిల్లవానికి ఈ వేసవి సెలవుల్లో అంతకంటే మంచి ఆట, మంచి పాఠం వేరొకటి ఉండవు.

ఓ అల్లాహ్! మా సంపాదనలో శుభం ప్రసాదించు. దుబారా నుండీ, లోభత్వం నుండీ మమ్మల్ని కాపాడు. అప్పుల భారం నుండి, వడ్డీ ఉచ్చు నుండి మా ఇళ్లను విడిపించు. ఎండలో శ్రమించే కూలీలకూ, రైతులకూ, రోగులకూ ఉపశమనం కలిగించు. మా చెరువులను, బావులను మేలైన వర్షంతో నింపు. మా పిల్లలను మా కంటిచలువగా చేయి. నీవు ప్రసాదించిన నీడను గురించీ, నీటిని గురించీ ప్రశ్నించే దినాన మాకు సమాధానం చెప్పుకునే భాగ్యం అనుగ్రహించు. ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్.